బయానా బయానాయే

"ఎవరూ పడుకోని మంచానికి అద్దేమిటమ్మా? ఒక్క యూరో కూడా రాదు నీకు!"

రాదొయే వంటింటి బల్ల మీదున్న ఫోనుకు వేలు చూపించి మరీ అరిచాడు. ఫోను కూడా ఏం తగ్గలేదు.

"పడుకోకపోవడం మంచం తప్పా, నా తప్పా?" అంది అవతల్నుంచి ఎవంథియా. "నీ మాట నమ్మి, అడిగినవాళ్లందర్నీ ఇల్లు ఖాళీ లేదు పొమ్మన్నాను. ఇప్పుడొచ్చి కూతురి పెళ్లి, సముద్రానికి రాలేం అంటే? పెళ్లి చేసుకోండి, నేనొద్దన్నానా? మిగతా ఆరువందలూ పంపించి మరీ చేసుకోండి."

"బయానా రెండొందలూ మింగావుగా, అది చాలదా?"

"బయానా బయానాయే. ఇచ్చినవాడు మాట తప్పితే అది పోతుంది. మీ సెర్బియాలో అయినా అంతే, మా గ్రీసులో అయినా అంతే. నేనడిగేది మిగతా డబ్బు."

బల్లకు ఈ చివర లుబింక పుల్లచెర్రీల్లో గింజలు తీస్తోంది. తలపిన్ను వంపు గుచ్చి ఒక్క లాగు లాగితే గింజ శుభ్రంగా రావాలి. ఇవాళ గింజతో పాటు సగం పండు కూడా ఊడొస్తోంది. పెళ్లికొచ్చే చుట్టాలకు గుమ్మంలోనే చెంచాతో అందించే చెర్రీ పాకం ఇది. ఈ లెక్కన చుట్టాలు చెర్రీలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

ఆమె బాధ ఆరువందల గురించి కాదు. పందొమ్మిది వేసవులుగా ఆ సముద్రపొడ్డు ఇంట్లోనే దిగుతున్నారు. ఎవంథియా ఇంటి కిటికీలకు వేలాడే తెరలన్నీ లుబింక మిషను మీద కుట్టినవే. ఎవంథియా సెర్బియా భాష నేర్చుకున్నది కూడా వీళ్ల దగ్గరే. లుబింక దగ్గర వంటలూ కబుర్లూ, రాదొయే దగ్గర తిట్లూ. ఆ నేర్చిన తిట్లే ఇవాళ గురువుకు అప్పజెబుతోంది.

"నెల ముందు చెబితే మిగతాది అడగనన్నాను. నెల ముందు చెప్పావా నువ్వు?" అంది ఎవంథియా.

"చెప్పాను! ఏలీయా పండుగకు ఇంకా నెలా నాలుగు రోజులుండగా చెప్పాను!"

"అబద్ధం! గడువు దాటి వారం పైన అయ్యాక చెప్పావు!"

"నీకు లెక్కలొచ్చా?"

"నీకు సిగ్గుందా?"

అంతటితో రాదొయే ఫోను కట్టేశాడు. కట్టేసి, విసిరికొట్టడానికి చేతిలో ఏమీ లేక, ఒక చెర్రీ తీసి నోట్లో వేసుకున్నాడు. అది పులుపు. ముఖం ఇంకా చిట్లించుకున్నాడు.

కిటికీ పక్క బెంచీ మీద అతని తల్లి రొసాండ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎనభై మూడేళ్ల మనిషి. గొడవంతా విని కూడా విననట్టు వీధిలోకి చూస్తోంది. ఇంట్లో వేసుకునే బూడిదరంగు పైగౌను మెడ దగ్గర కాస్త తెరుచుకుంది. అందులోంచి ముదురు నీలం గుడ్డ, దాని మీద తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి.

అది చూసినప్పుడల్లా లుబింక చూపు చెర్రీల మీదికి తిప్పుకుంటోంది.

ఈస్టరు రోజున ఆచారం ప్రకారం ఎర్రరంగు వేసిన గుడ్లు ఒకదానికొకటి కొట్టి పగలగొట్టుకుంటుండగా ఈ ముసలావిడే ఉన్నట్టుండి, "చచ్చేలోగా ఒక్కసారి సముద్రంలో కాళ్లు పెట్టాలనుంది," అంది. కోడలై వచ్చిన ఇన్నేళ్లలో లుబింక ఆ నోట 'నాకిది కావాలి' అన్న మాట వినలేదు. కూర పెడితే తిన్నది, పెట్టకపోతే అడగలేదు. అలాంటి మనిషి అడిగితే కోడలు ఊరుకుంటుందా? ఆ వారంలోనే కొలతలు తీసి ఈతబట్టలు కుట్టింది. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ల దాకా కుచ్చిళ్లు. అది వేసుకుని సముద్రంలోకే కాదు, చర్చికి వెళ్లినా ఎవరూ ఏమీ అనరు.

తర్వాత నెదా పెళ్లి కుదిరింది. కూతురి పెళ్లి కన్నా సంతోషమేముంటుంది? కానీ మగపెళ్లివారికి దొరికిన హాలు ఒక్కటే, దొరికిన ఆదివారం ఒక్కటే. అది ఏలీయా పండుగ తర్వాత వచ్చే మొదటి ఆదివారం. అది దాటితే ఉపవాసాలు మొదలు, ఆ రోజుల్లో ఏ పాదిరీ పెళ్లి చెయ్యడు. ఏలీయా పండుగ నుంచి పది రాత్రులకు మాట్లాడుకున్న సముద్రం ఇల్లు అలా రద్దయింది.

రొసాండ తలూపింది. "పెళ్లి ముఖ్యం కదే," అంది. మర్నాటి నుంచి పైగౌను లోపల ఆ ఈతబట్టలు తొడుక్కుని తిరుగుతోంది.

"ఇదేంటత్తయ్యా?" అని అడిగితే, "కొత్త గుడ్డ. వాడకపోతే చిమ్మటలు కొడతాయి," అంది.

లుబింక ఇంకో గింజ లాగి గిన్నెలో పడేసింది.

"ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు," అంది.

"అయితే నేను అబద్ధమాడానా?"

"నేనా మాట అన్నానా?"

"అనలేదు. అనకుండానే అనడం నీకు పుట్టుకతో వచ్చిన విద్య."

"పోయినేడు దాకా ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు కాగితం మీద తారీఖులు వేసిచ్చేవాళ్లు. ఏ గొడవా లేదు. ఈ ఏడు వాళ్ల కమీషను మిగుల్చుదామన్నదెవరు? నేనే మాట్లాడతానని ఫోను లాక్కున్నదెవరు?"

"ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి. ఒక ఇల్లు మాట్లాడలేనా?"

"మాట్లాడావుగా! తారీఖులెందుకు ఎవంథియా, మనం దేవుడి మనుషులం, ఏలీయా పండుగ నుంచి పది రాత్రులు అనుకుందాం, ఏలీయాయే సాక్షి, అన్నావు. నేనిక్కడే ఉన్నాను. ఇప్పుడు పిలువు, ఆ సాక్షిని."

జవాబు దొరకనప్పుడు రాదొయే నాటుసారా సీసా దగ్గరికి వెళతాడు. వెళ్లాడు. ఒక చిన్న గ్లాసు పోసుకుని, పొయ్యి పైన అరలో వరసగా ఉన్న డబ్బాల వైపు ఒకసారి చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు. లుబింక అది చూసింది గానీ అప్పటికి పట్టించుకోలేదు.

ఆమె చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

"ఎవరికే?"

"నా స్నేహితురాలికి. నువ్వు తిట్టింది ఇంటి ఓనరుని. నేను మాట్లాడేది స్నేహితురాలితో."

"డబ్బు ఇస్తానన్నావంటే చూడు!"

"నువ్వు నీ గ్లాసు చూసుకో."

ఎవంథియా మొదటి మోతకే ఎత్తింది.

"కాఫీ తాగావా?" అంది లుబింక.

"ఎక్కడ దిగుతుంది కాఫీ? పందొమ్మిదేళ్లకి నన్ను మోసగత్తెని చేశాడు మీ ఆయన." ఎవంథియా ముక్కు చీదింది. "నాకు డబ్బు పిచ్చి అనుకుంటున్నావా లుబింకా? పైకప్పు పెంకులు మార్పించాను మీరొస్తున్నారని. మీ అత్తగారు మెట్లెక్కలేదేమోనని కింది గదిలో మంచం వేయించాను. నీళ్లలోకి దిగడానికి పట్టుకోను తాడు కూడా కట్టించాను."

లుబింక కళ్లు మసకబారాయి. "తాడు కట్టించావా?"

"కట్టించక? ఆవిడేమైనా పడుచుపిల్లా? ఇప్పుడు పండుగ పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది. కొండ మీద ఏలీయా గుడికి సున్నాలేస్తున్నారు. ఇంకెవరొస్తారు నా ఇంటికి?"

ఎవంథియా గొంతు ఫోను దాటి వంటింటంతా వినబడుతోంది. "పన్నెండు రోజులా?" అన్నారెవరో.

లుబింక తిరిగి చూసింది. అడిగింది రొసాండ.

"పన్నెండు రోజులంటుందేంటే ఆవిడ? ఏలీయా వచ్చేది పేతురు పండుగ వెళ్లిన మూడు వారాలకి గదా. పేతురే ఇంకా రాలేదు. వీధిలో పిల్లలు పేతురు కాగడాలకి చెర్రీ బెరడైనా ఒలవలేదు."

లుబింక ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా చేసింది. "ఎవంథియా, మీకు పేతురు పండుగ ఎప్పుడు?"

"ఎప్పుడేంటి, అయిపోయింది! పోయిన వారమే. చేపలు కాల్చుకు తిన్నాం. మా తమ్ముడు పెట్రోస్‌ది పేతురు పేరేగా, వాడి పేరు పండుగ కూడా అదే, తాగి పడవలో పడుకున్నాడు."

"మాకింకా నాలుగు రోజులుంది," అంది రొసాండ. "నిన్ననేగా యోహాను పండుగ, గేటుకి పూలచక్రం కట్టాం."

"యోహానా? మాకు యోహాను వెళ్లి రెండు వారాలైంది!"

లుబింక గోడ మీది చర్చి క్యాలెండరు దగ్గరికి నడిచింది. ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి కిందికి జరిపింది. పాత పంచాంగం, కొత్త పంచాంగం అని పాదిరీ ఏటా క్రిస్మసుకు చెబుతూనే ఉంటాడు. విన్నట్టే తలలూపి, బయటికొచ్చి మరిచిపోతారు. గ్రీసు వాళ్ల చర్చి కొత్తదానికి మారింది, వీళ్ల చర్చి పాతదాన్నే పట్టుకుంది. ఎవంథియా దేశంలో ఏ సెయింటైనా వీళ్ల దేశానికి పదమూడు రోజుల ముందే వచ్చి వెళ్లిపోతాడు.

"ఎవంథియా, మీ ఏలీయా ఏ తారీఖున వస్తాడు?"

"ఎప్పుడూ వచ్చేదే, జూలై ఇరవై."

"మా ఏలీయా ఆగస్టు రెండు," అంది లుబింక. చెబుతూనే ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది.

అటువైపు ఎవంథియా కూడా నవ్వింది. ఆవిడ నవ్వు సన్నగా మొదలై, దగ్గులోకి దిగి, మళ్లీ నవ్వులోకి ఎక్కుతుంది. పందొమ్మిది వేసవుల పాటు వరండాలో విన్న నవ్వే. లుబింక బల్ల పట్టుకుని, కళ్లనీళ్లు చెర్రీ మరకల చేతులతోనే తుడుచుకుంది.

"అయితే మీ ఆయన అబద్ధమాడలేదన్నమాట!"

"నువ్వూ ఆడలేదు."

"అనవసరంగా గాడిద అన్నాను పాపం."

"అది వెనక్కి తీసుకోకు, ఉంచెయ్యి," అంది లుబింక. "అవసరానికి పనికొస్తుంది."

రాదొయే మాత్రం నవ్వలేదు. తన లెక్క తప్పు కాదని తేలినందుకు మీసం మెలేస్తాడనుకున్నారు. అతను గ్లాసు అడుగు చూస్తున్నాడు.

అప్పుడు తట్టింది లుబింకకు. మళ్లీ క్యాలెండరు దగ్గరికి పరుగెత్తింది. "ఆగు, ఆగు. జూలై ఇరవై నుంచి పది రాత్రులంటే, నెలాఖరుకు వెనక్కొచ్చేస్తాం. పెళ్లి ఆ తర్వాతి ఆదివారం. అత్తయ్యా! ఇంకా వారం చేతిలో ఉంటుంది!"

"మరి నేను రద్దు చెయ్యమన్నానా?" అంది ఎవంథియా. "ఇల్లు ఖాళీగానే ఉంది. దుప్పట్లు ఉతికి పెట్టాను. రండి. బయానా నా దగ్గరుంది, మిగతాది ఎప్పట్లాగే గుమ్మంలో అడుగుపెట్టగానే ఇవ్వండి. అంతే. ఇందులో గొడవేముంది?"

రొసాండ పైగౌను గుండీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. విప్పేసి, మడిచి, పక్కన పెట్టింది. నీలం మీద తెల్ల చుక్కలతో, మోకాళ్ల కింద ఉన్ని మేజోళ్లతో నిటారుగా కూర్చుంది. రైలు వచ్చేసినట్టే ఉంది ఆవిడ కూర్చున్న తీరు.

లుబింక పొయ్యి పైనున్న పిండి డబ్బా దించింది. ఆరువందలూ కవరులో పెట్టి పిండిలో దాచింది తనే. చెయ్యి పెట్టి వెతికింది. కవరు తగిలింది. పైకి తీస్తే పల్చగా ఉంది. దులిపితే పిండి రాలింది గానీ నోటు రాలలేదు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు రాదొయే.

"ఎక్కడ?"

"వినవే..."

"ఎక్కడని అడుగుతున్నాను."

"సముద్రం ఎలాగూ లేదు గదా అని..." అతను గొంతు సవరించుకున్నాడు. "తిహొమిర్ బాకా మేళానికి ఇచ్చాను. బయానా. పది బాకాలు, రెండు డోళ్లు. పెళ్లికూతురు గడప దిగేటప్పుడు ఊరంతా వినబడాలి లుబింకా. మన పెళ్లికి మా నాన్న అప్పు చేసి మరీ పెట్టించాడు."

"నెదా అడిగిందా మేళం?"

"ఆడపిల్ల ఎలా అడుగుతుంది?"

"వద్దంది! నా ఎదురుగా, నాన్నా బాకాలొద్దు, చెవులు పోతాయి, అంది. నువ్వు తలూపావు!"

"తలూపాను. ఒప్పుకున్నానా?"

లుబింక కుర్చీలో కూలబడింది. కోపం వస్తుందనుకుంది గానీ ముందు ఏడుపొచ్చింది. పెళ్లికి తన చేతిలో ఉన్నదంతా ఎప్పుడో అయిపోయింది. అప్పు అడగడానికి చుట్టాలు ఎవరూ మిగలలేదు, అందర్నీ పెళ్లికి పిలిచేశారు. తాడు కూడా కట్టించిందట అక్కడ ఆవిడ. ఇక్కడ ముసలావిడ రైలెక్కినట్టు కూర్చుంది. ఆ గుండీలు మళ్లీ పెట్టుకోమని ఎవరు చెబుతారు?

"హలో?" అంది ఫోనులోంచి ఎవంథియా. "అంతా బతికే ఉన్నారా?"

రొసాండ లేచింది. చుక్కల కుచ్చిళ్లు ఊగుతుండగా తన గదిలోకి వెళ్లి, తెల్ల తువ్వాలుతో కట్టిన మూటొకటి తెచ్చి బల్ల మీద, చెర్రీల పక్కన పెట్టింది.

ఆ మూటేమిటో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఆ మూట పదిహేనేళ్లుగా బీరువా అడుగున ఉంది. ఆవిడ పోయినప్పుడు తొడగవలసిన నల్ల గౌను, కొత్త మేజోళ్లు, కొవ్వొత్తి. వాటి మధ్య చేతిరుమాల్లో ముడివేసిన డబ్బు. శవపేటికకు, పాదిరీకి, సమాధి దగ్గర భోజనాలకు, పింఛనులోంచి కొంచెం కొంచెంగా తీసి పెట్టుకున్నది.

"తీసుకోండి," అంది.

"అమ్మా!" రాదొయే గ్లాసు పడేసినంత పని చేశాడు. "నీకేమైనా మతిపోయిందా? అది నీ చావు డబ్బు!"

"నాదేగా మరి. నీదైతే అడిగేదాన్ని."

"తల్లి చావు డబ్బుతో సముద్రానికి షికారు వెళ్లాడు రాదొయే అంటారు. సంతలో తలెత్తుకు తిరగగలనా?"

"బాకాలు ఊదిస్తున్నావుగా. అవి వింటూ ఆ మాట వినరులే."

లుబింకకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. "అత్తయ్యా, వద్దు. ఇది అయిపోతే మరి..."

"అయిపోతే నన్ను పాతిపెట్టడానికి మీ దగ్గర డబ్బుండదు," అంది రొసాండ, చాలా మామూలుగా. "కనక ఇప్పట్లో చావను. మళ్లీ కూడబెట్టాలి గదా, కనీసం ఐదారేళ్లు పడుతుంది. అందరికీ మంచిదే."

రాదొయే మూట మీద రెండు చేతులూ పెట్టి అదిమాడు. "ఈ ముడి విప్పితే నామీద ఒట్టే అమ్మా. నేను బతికుండగా విప్పనివ్వను. తప్పు చేసింది నేను. నేనే తెస్తాను."

"హలో!" ఎవంథియా ఓపిక అయిపోయింది. "వస్తున్నారా, రావట్లేదా? ఇప్పుడే గుమ్మంలోకి ఇంకొకాయన వచ్చి అడుగుతున్నాడు ఇంటి కోసం. ఇవాళే చెప్పాలి నేను."

రాదొయే పెళ్లాం వైపు చూసి, వద్దు, ఆగు అన్నట్టు చెయ్యి ఊపాడు. రొసాండ ఎవరి వైపూ చూడలేదు. చుక్కల మీద అంటుకున్న పిండి దులుపుకుంటోంది.

లుబింక ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"వస్తున్నాం," అంది. "తాడు విప్పకు."

ఫోను పెట్టేసిందో లేదో, వీధిలో బాకా మోగింది. ఎవరింటికొచ్చినా తలుపు తట్టడం తిహొమిర్‌కు అలవాటు లేదు. గేటు దగ్గర నిలబడి రెండు స్వరాలు ఊదుతాడు.

"పెళ్లిరోజు ఏ పాట ముందు కావాలో అడగడానికి వస్తానన్నాడు," అన్నాడు రాదొయే నీరసంగా. గ్లాసులో మిగిలిన చుక్క తాగేసి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

లుబింక కిటికీ దగ్గరికి వెళ్లింది. అత్తగారు కూడా వచ్చి పక్కన నిలబడింది. గేటు మీద నిన్న కట్టిన పసుపు పూలచక్రం ఇంకా వాడలేదు. దాని కింద ఇద్దరు మగాళ్లు. రాదొయే ఏదో చెబుతున్నాడు. తిహొమిర్ నవ్వుతూ అతని భుజం తట్టాడు. రాదొయే మళ్లీ చెప్పాడు. తిహొమిర్ నవ్వు ఆగింది.

అప్పుడు రాదొయే టోపీ తీశాడు. పాదిరీ ముందు, శవం ముందు తప్ప ఆ టోపీ దిగడం లుబింక చూడలేదు. టోపీ రెండు చేతులతో పట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. ఆ బోడినెత్తి మీద ఎండ పడుతుంటే ఆమెకు మొగుడి మీదున్న కోపమంతా ఎటో పోయింది.

తిహొమిర్ ఏమన్నాడో గాజు వెనక నుంచి వినబడలేదు. బాకా చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ చాపి, తల అడ్డంగా ఊపాడు. కానీ ఆ పెదాలు కదిలిన తీరులో మాట లుబింకకు అర్థమైంది. పొద్దుట్నుంచీ ఈ వంటింట్లో వింటున్న మాటే.

"ఏమంటున్నాడే?" అని అడిగింది రొసాండ.

"బయానా బయానాయే అంటున్నాడత్తయ్యా."

ముసలావిడ తలాడించింది. కిటికీ దగ్గర్నుంచి నెమ్మదిగా బల్ల దగ్గరికి నడిచి, కూర్చుని, మూటలోంచి చేతిరుమాలు పైకి తీసింది. కొడుకు వేసిన ఒట్టు విననట్టే, పదిహేనేళ్ల ముడిని పళ్లతో పట్టి లాగడం మొదలుపెట్టింది.

బయట గేటు కిర్రుమంది. రాదొయే తిరిగొస్తున్నాడు.